వెర్లీన్ టబ్స్ వదిలేసిన రూటు

జెరెల్ ఓక్స్ మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టును వదిలి సముద్రం ఒడ్డు జట్టుకు పోయి నాలుగేళ్ళయింది. అయినా సరే, వెర్లీన్ టబ్స్ ముందు ఆ పేరెత్తితే ఆమె చేతిలో ఏముంటే అది కింద పెట్టేసేది. కాఫీ కప్పయినా అంతే, బస్సు తాళాలయినా అంతే. తగువు పడాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా మరి!

వెర్లీన్‌కు అరవై ఒకటి. ఉత్తరం డిపోలో ఇరవై తొమ్మిదేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. మనిషి పొట్టి, భుజాలు గట్టి, కుడి మోకాలు మాత్రం పూర్తిగా అరిగిపోయింది. వాళ్ళ నాన్న లూథర్ తోళ్ళ కార్ఖానాలో పనిచేసేవాడు. ఆయన నెలకోసారి కూతుర్ని పాత స్టేడియానికి తీసుకెళ్ళి, అన్నిటికన్నా పై వరుసలో కూర్చోబెట్టి, పెన్సిలు చేతికిచ్చి స్కోరు రాయించేవాడు. అలా ఎనిమిదేళ్ళకే ఆమెకు ఆటంటే ఏమిటో తెలిసింది. పదిహేడేళ్ళకు బడి జట్టుకు తనే కెప్టెన్ అయింది.

ఆ పదిహేడో ఏటి కథ డిపోలో ఎవర్నడిగినా చెబుతారు, ఎందుకంటే ఆమె ఎవర్నీ వినకుండా వదలలేదు. ఆ ఏడాది మా వైపు బాగా ఆడే ముగ్గురు అమ్మాయిలు మాట్లాడుకుని ఒకేసారి ఒక ప్రైవేటు బడికి మారిపోయారు. వెర్లీన్‌నూ రమ్మన్నారు. ఫీజు లేదు, కొత్త బూట్లిస్తామన్నారు. ఆమె పోలేదు. తర్వాత ఆ బడితో ఆడితే వెర్లీన్ జట్టు నలభై ఒక్క పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడింది.

"నలభై ఒకటి! అయినా నేనొక్కదాన్నే పద్దెనిమిది కొట్టా," అనేది వెర్లీన్, కప్పు గెలిచిన దానిలాగా. "చివరి నిమిషందాకా వాళ్ళ కళ్ళల్లోకి చూస్తూ ఆడా. తల దించుకుంటే ఒట్టు!"

డిపో భోజనాల గదిలో ఆమెకు ఎదురు నిలిచేవాడు ఒక్కడే, క్లియోఫస్ పెటిఫర్డ్. ఆమెకన్నా నాలుగు నెలలు ఆలస్యంగా ఉద్యోగంలో చేరాడు, ఆ నాలుగు నెలల కోపం ఇప్పటికీ తీరలేదంటాడు. ఇద్దరూ ఒకే చర్చిలో పాడతారు. శుక్రవారం వచ్చిందంటే ఒకే బల్ల దగ్గర కూర్చుని వేయించిన చేప తింటారు. వాళ్ళ స్నేహం అంతా తిట్టుకోవటంలోనే ఉంది.

నవంబరులో, కొత్త సీజను మొదలైన వారం, క్లియోఫస్ డొమినో ముక్కలు కలుపుతూ కావాలనే కెలికాడు.

"జెరెల్ నిన్న ముప్పై ఆరు కొట్టాడట, వెర్లీన్. పాపం, మన ఊళ్ళో ఉండుంటే ఎంత బాగుండేదో!"

వెర్లీన్ కాఫీ కప్పు కింద పెట్టింది. గదిలో ఉన్న పదిమందీ కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

"ముప్పై ఆరేం ఖర్మ, అరవై కొట్టమను. ఒక పక్కన ఈ లీగులోకెల్లా పెద్ద షూటరు, ఇంకో పక్కన ఆ ఏడడుగుల శాల్తీ. వాళ్ళ మధ్య నన్ను నిలబెట్టు, ఈ మోకాలితో నేనూ కొడతా ఇరవై!"

"అయితే ఏంటమ్మా నీ బాధ? ఏడేళ్ళు చాకిరీ చేశాడు మనకి. ఓనరు ఆటగాణ్ణి రాత్రికి రాత్రే వేరే ఊరికి అమ్మేస్తే వ్యాపారం అంటారు. అదే ఆటగాడు తన కాళ్ళమీద తను నడిచిపోతే ద్రోహం అంటారు. ఇదెక్కడి న్యాయం? వాడూ మనలాంటి పనివాడే."

"పొమ్మను, ఎవరు పట్టుకున్నారు? ఒక్కడు పోతే నాకేం పోయింది? ముగ్గురు ముగ్గురూ వేసవిలో ఎవడి పెరట్లోనో కూర్చుని, మాంసం కాల్చుకు తింటూ, నువ్వు రా, నేనొస్తా, వాణ్ణీ పిలుద్దాం అనుకుంటే దాన్ని ఆటంటారా? ఆడకముందే కప్పు పంచేసుకోవటం అంటారు. మిగతా ఊళ్ళన్నీ ఎందుకింక? చప్పట్లు కొట్టటానికా?"

"కప్పు గెలిచారుగా మరి?"

"గెలిచారు. ఎదురుగా పసిపిల్లల్ని పెడితే నేనూ గెలుస్తా."

"పసిపిల్లలా! ఒక్కొక్కడు రెండున్నర ఆళ్ళ ఎత్తుంటే!"

అందరూ నవ్వారు. ఇంతవరకూ రోజూ ఉండేదే. కానీ ఆ రోజు క్లియోఫస్ ఆగలేదు. డొమినో ముక్కలు పక్కకు నెట్టి, వేలితో గోడమీది నోటీసు చూపించాడు. గురువారం నాడు పిక్ అని ఉందందులో.

మూడు నెలలకోసారి డ్రైవర్లు తమ డ్యూటీలు తాము ఎంచుకునే రోజుకు పిక్ అని పేరు. ఉద్యోగంలో ముందు చేరినవాళ్ళు ముందు కోరుకుంటారు. ఒకటో నంబరు మనిషి తనకు నచ్చింది తీసుకున్నాక రెండో నంబరు, ఆ తర్వాత మూడు. నూటపద్దెనిమిదో నంబరు దాకా వచ్చేసరికి మిగిలేది ఎవరూ ముట్టని అడుగూబొడుగే. మా డిపోలో ఒకటి హెస్టర్, రెండు డ్యూయీ, మూడు వెర్లీన్, నాలుగు క్లియోఫస్.

"పద్నాలుగో నంబరు రూట్లో ఎవరెవరున్నారు, వెర్లీన్?" అన్నాడు క్లియోఫస్, వెన్నపూసిన గొంతుతో.

"ఏంటి నీ ప్రశ్న?"

"చెప్పమ్మా. సరస్సు ఒడ్డమ్మట చల్లగా పోయే రూటు. పొద్దున ఆరుకెక్కి రెండుకి దిగిపోయే డ్యూటీ. ఆదివారం సెలవు. ఎక్కేవాళ్ళంతా మ్యూజియంకి పోయే ముసలమ్మలు, గుడ్ మార్నింగ్ చెప్పి మరీ పాసు గీకుతారు. అందులో ఎవరున్నారు? హెస్టర్, డ్యూయీ, నువ్వు, నేను, మన తర్వాత ఇంకో ఇద్దరు. ఈ డిపోలో మొదటి ఆరుగురం ఒకే రూట్లో కూర్చున్నాం. పదిహేనేళ్ళ నించీ! మరి ఆ గుంటల రూటు, యాభై ఏడో నంబరు బండి, ఎవరు తోలుతున్నారు? నిన్న గాక మొన్న చేరిన పిల్ల. మనం ఏ పెరట్లో కూర్చుని మాట్లాడుకున్నాం అది? శుక్రవారం చేపల దగ్గరేగా?"

గది గొల్లుమంది. ఒకడు బల్లమీద అరచేత్తో దరువేశాడు. డ్యూయీ అయితే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి వెర్లీన్ తగువు మధ్యలో వదిలేసింది. తాళాలు తీసుకుని బయటకు నడిచింది. కాఫీ సగం కప్పు అలాగే ఉండిపోయింది.

ఆ మాట ఆమెకు ఒంట్లో ముల్లులా దిగింది. ఇంటికెళ్ళి మోకాలిమీద ఐసు సంచి పెట్టుకుని కూర్చుంది, టీవీ పెట్టలేదు. క్లియోఫస్ అబద్ధమాడి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేది. వాడు నిజం చెప్పాడు, వెధవ! నాకు హక్కుంది అనుకుంది. నిజమే, ఉంది. జెరెల్‌కూ ఉంది. పదిహేడేళ్ళప్పుడు కొత్త బూట్లు వద్దన్న పిల్ల, నలభై ఆరేళ్ళకు సరస్సు ఒడ్డు రూటును కళ్ళకద్దుకుని తీసుకుందే? ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు కాబట్టే తీసుకుంది. ఇప్పుడు అడిగారు. ఇక గురువారం ఏదో ఒకటి చెప్పక తప్పదు. పద్నాలుగు అందంటే మళ్ళీ జన్మలో జెరెల్ ఓక్స్ పేరెత్తే అర్హత ఉండదు.

గురువారం కిటికీ వెనక వోయ్చిక్ కూర్చున్నాడు. పిక్ జాబితా రాసే గుమాస్తా అతనే. ఒక్కొక్కరికీ మూడే నిమిషాలు. చెప్పి సంతకం పెట్టాక మళ్ళీ పిక్ దాకా మారటానికి వీల్లేదు. హెస్టర్ పద్నాలుగు అంది, డ్యూయీ పద్నాలుగు అన్నాడు. వెర్లీన్ కిటికీ దగ్గరకు వచ్చేసరికి వోయ్చిక్ ఆమె పేరు పక్కన పద్నాలుగు రాసేసి, కాగితం ఇటు తిప్పి, సంతకం చెయ్యమని పెన్ను చాపాడు. పదిహేనేళ్ళ అలవాటు మరి, పాపం అతన్నేమనగలం?

"కొట్టెయ్," అంది వెర్లీన్.

"ఏంటి?"

"ఆ పద్నాలుగు కొట్టెయ్."

"సిరాతో రాసేశాను, వెర్లీన్."

"సిరాతోనే కొట్టెయ్. యాభై ఏడు రాయి. రెండు ముక్కల డ్యూటీ."

వోయ్చిక్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. యాభై ఏడు రెండు ముక్కల డ్యూటీ అంటే పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నడిపి, అయిదు గంటలు డిపోలో ఈగలు తోలుకుని, మళ్ళీ రెండున్నర నుంచి ఆరున్నర దాకా నడపాలి. సెలవు మంగళ, బుధవారాలు. రోడ్డంతా గుంటలు. మూతబడ్డ కార్ఖానాలు, రెండు పెద్ద బడులు, కోర్టు, పేదవాళ్ళు రక్తంలోని ప్లాస్మా అమ్ముకునే చోటు, అన్నీ ఆ దారిలోనే.

"చర్చి ఎలాగ మరి?" వెనక నుంచి క్లియోఫస్ గొంతు సన్నగా వచ్చింది. "వెర్లీన్, నేను సరదాకి అన్నా. ఒసే, సరదాకే!"

"నేను సరదాకి చెయ్యట్లా," అని సంతకం పెట్టేసింది.

తర్వాత వంతు క్లియోఫస్‌ది. వాడు మూడు క్షణాలు కూడా ఆలోచించలేదు, పద్నాలుగులో ఆమె వదిలిన డ్యూటీ తన దానికన్నా కాస్త మెరుగని దాన్నే తీసుకున్నాడు. "థాంక్యూ, బేబీ," అన్నాడు సిగ్గులేకుండా. అయిదో నంబరు వాడు క్లియోఫస్ వదిలింది తీసుకున్నాడు. అలా ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు పైకి జరుగుతూ పోయారు. నూటపద్దెనిమిదో నంబరు జునెల్ ప్రాట్ కిటికీ దగ్గరకు వచ్చేసరికి, ఆమెకు రావాల్సిన యాభై ఏడు లేదు. దాని పైమెట్టు మిగిలింది, పొద్దున ఎక్కి మధ్యాహ్నం రెండున్నరకు దిగిపోయే డ్యూటీ. జునెల్ కూతురు బడి నుంచి మూడింటికి వస్తుంది. జునెల్ కిటికీ చువ్వలు పట్టుకుని, ఇది నిజమేనా అని వోయ్చిక్‌ని రెండుసార్లు అడిగింది.

వారం తర్వాత జునెల్ చిలగడదుంపలతో పై అనే తీపి రొట్టె ఒకటి చేసి, రేకు కాగితం చుట్టి భోజనాల గదికి తెచ్చింది.

"మిస్ వెర్లీన్, మీకు ఎలా చెప్పాలో..."

"నీ కోసం కాదమ్మాయ్. ఆ క్లియోఫస్ నోరు ముయ్యటానికి చేశా," అంది వెర్లీన్. రొట్టె మాత్రం తీసుకుంది. క్లియోఫస్‌కు ముక్క కూడా పెట్టలేదు.

ఆ చలికాలం ఆమెను నమిలి ఉమ్మేసింది. డిసెంబరులో బ్రేకు తొక్కిన ప్రతిసారీ మోకాలు కలుక్కుమనేది. బడిపిల్లలు వెనక సీట్లలో యుద్ధాలు చేసేవారు. కోర్టు నుంచి వచ్చేవాళ్ళు ఏడుస్తూనో తిడుతూనో ఎక్కేవారు. ఆదివారం పాటల వేళకు ఆమె చక్రం పట్టుకుని, తన వంతు చరణం ఒక్కతే గొణుక్కునేది. ఒకటి రెండుసార్లు చివరి స్టాపులో ఇంజను ఆపి, తనను తాను బూతులు తిట్టుకుంది. బుద్ధి లేదా నీకు, అరవై దాటాక ఈ పంతాలేంటి అనుకుంది. అంతలో బండి టైమయ్యేది, తలుపు తెరిచేది.

జనవరిలో, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన డాక్టర్ కింగ్ జయంతి సెలవు, సోమవారం వచ్చింది. ఆ రోజు ఆటలు మధ్యాహ్నమే. సముద్రం ఒడ్డు జట్టు మా ఊరు వచ్చింది, జెరెల్ ఓక్స్‌తో సహా. వెర్లీన్‌కు డ్యూటీ. నడిపేవాళ్ళు ఫోను ముట్టకూడదు, అందుకని బస్సంతా ఆమెకు రేడియో అయింది.

"ఎంతయ్యిందిరా?" అని అద్దంలో చూస్తూ అరిచేది.

"ఆరు వెనక, మేడం!" అని వెనక నుంచి ఒకడు.

"మన పొట్టి గార్డు ఏం చేస్తున్నాడు?"

"కుమ్మేస్తున్నాడు! జెరెల్ చేతిలోంచి బంతి లాగేసుకున్నాడు ఇప్పుడే!"

మా జట్టులో అప్పుడు పేరున్నవాడు ఒక్కడు లేడు. ఎవరూ ఏరుకోకుండా వదిలేసిన గార్డు, వేరే జట్లు వద్దన్న ఇద్దరు, ముప్పై ఎనిమిదేళ్ళ సెంటరు ఆటగాడు, అంతే. చివరి రెండు నిమిషాల్లో స్కోరు సమం. దిగాల్సినవాళ్ళు దిగలేదు. కిరాణా సంచీలు ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దాయన తన స్టాపు దాటిపోయినా చూసుకోలేదు. మనవాడు కొడుతున్నాడు, కొడుతున్నాడు అని బస్సంతా లేచి నిలబడింది. తర్వాత చప్పున అందరూ కూర్చున్నారు. ఇంక వెర్లీన్‌కు వేరే చెప్పక్కర్లేకపోయింది.

"ఎంత తేడా?" అని మాత్రం అడిగింది.

"రెండు," అన్నాడు పెద్దాయన.

వెర్లీన్ బండి పక్కకు తీసి ఆపింది. మైకు తీసుకుంది. స్టాపుల పేర్లు చెప్పటానికి తప్ప దాన్ని వాడకూడదని రూలుంది, ఉంటే ఉండనీ.

"ఏంటర్రా ఆ మొహాలు? రెండే పాయింట్లు! వాళ్ళు దేశమంతా గాలించి ముగ్గుర్ని ఏరి తెచ్చుకున్నారు, మనం ఉన్నవాళ్ళతో ఆడి రెండు పాయింట్ల దగ్గర నిలబడ్డాం. నేను నలభై ఒకటితో ఓడినదాన్ని, నన్నడగండి! తలలెత్తండి. పెద్దాయనా, నీ స్టాపు దాటిపోయింది, తిరుగు బండిలో నేనే దింపుతా, కూర్చో."

బస్సు బస్సంతా చప్పట్లు కొట్టింది. ఓడిపోయిన రోజు అంత సందడి ఆ రూటు ఎన్నడూ చూడలేదు.

ఫిబ్రవరిలో, ఈసారి ఒక శుక్రవారం నాడు, మళ్ళీ పిక్ వచ్చింది. ముందు రోజు మధ్యాహ్నం, వెర్లీన్ ఖాళీ గంటల్లో మోకాలు కుర్చీమీద చాపుకుని కూర్చుంటే, క్లియోఫస్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. డొమినోలు తీయలేదు. వెటకారం ఇంట్లో వదిలి వచ్చినట్టున్నాడు.

"డాక్టరు ఏమన్నాడు?"

"ఆపరేషన్ అన్నాడు. రిటైరయ్యాక చూద్దాంలే అన్నా."

"ఇంక చాలు, వెర్లీన్. నువ్వే గెలిచావ్. ఈ డిపోలో అందరిముందూ ఒప్పుకుంటా. రేపు పద్నాలుగు తీసుకో. ఒక్కడు కూడా ఒక్క మాటనడు, అంటే వాడి పళ్ళు నేను రాలగొడతా. చర్చిలో నా పక్కన నిలబడి పాడేవాళ్ళు లేక నా శ్రుతి పోతోంది."

వెర్లీన్‌కూ కావాలి. సరస్సు కావాలి, ఆదివారం కావాలి, గుడ్ మార్నింగ్ చెప్పే ముసలమ్మలు కావాలి. కానీ జునెల్ ఆ వారమే కూతుర్ని మూడింటికి ఈత తరగతిలో చేర్పించింది. ఎవరినీ ఏమీ అడగలేదు, చేర్పించి ఊరుకుంది.

"జెరెల్ కనీసం ఏడేళ్ళున్నాడు, క్లియో," అంది చివరికి. "నేను మూడు నెలలకే పోతే వాడికన్నా హీనం కదా?"

"నువ్వూ, నీ జెరెలూ! మీ ఇద్దర్నీ కలిపి సరస్సులో తొయ్యాలి!" అని కుర్చీ తన్ని లేచిపోయాడు.

మర్నాడు కిటికీ దగ్గర వోయ్చిక్ తెలివి తెచ్చుకున్నాడు. హెస్టర్, డ్యూయీ అయ్యాక వెర్లీన్ పేరు పక్కన ఏమీ రాయకుండా, పెన్ను గాల్లో పట్టుకుని చూశాడు. వెనక గోడకు ఆనుకుని జునెల్ తన బూట్లవంక చూసుకుంటోంది.

"యాభై ఏడు," అంది వెర్లీన్. "ఈసారి కొట్టేసే పని పెట్టలేదు నీకు."

సంతకం పెట్టి కుంటుకుంటూ పక్కకు జరిగింది. క్లియోఫస్ ముందుకొచ్చాడు.

"పద్నాలుగేగా?" అన్నాడు వోయ్చిక్.

క్లియోఫస్ జాబితా కాగితం ఇటు తిప్పుకుని చదవటం మొదలెట్టాడు. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది. అయిదో నంబరు వాడు ఆశగా గడియారం చూడటం మొదలెట్టాడు, ఎందుకంటే మూడు నిమిషాలు దాటితే వంతు పోతుంది.

"యాభై ఏడులో రెండో బండి ఉందా?" అన్నాడు క్లియోఫస్, అప్పడం కొరికినట్టు.

"ఏయ్!" వెర్లీన్ అరుపుకు వోయ్చిక్ పెన్ను జారిపోయింది. "నా రూట్లోకి వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా! మూడూ నాలుగూ నంబర్లు మళ్ళీ ఒకే చోటా? ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఏం విన్నావు నువ్వు? వేరే చెత్త రూటు వెతుక్కో, డిపోలో కావాల్సినన్ని ఉన్నాయి!"

గదంతా ఒక్కసారి ఊపిరి పీల్చి, ఒక్కసారే నవ్వింది. క్లియోఫస్ మెడ తిప్పి ఆమెవంక గుర్రుగా చూశాడు. గడియారంలో ఇంకా పదిహేను క్షణాలున్నాయి.

"ముప్పై ఒకటి," అన్నాడు. "రెండు ముక్కలది. రాసెయ్, నేను మనసు మార్చుకునేలోగా."

వోయ్చిక్ రాశాడు. క్లియోఫస్ పెన్ను విరిగిపోయేంత గట్టిగా సంతకం పెట్టి, వెర్లీన్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. వెనక జునెల్ తన వంతుకు ఎన్ని మెట్లు పైకి జరుగుతుందో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటోంది, ఒకటి, రెండు.

"నువ్వేం మురిసిపోకు," అన్నాడు క్లియోఫస్ ఆమె చెవి దగ్గర. "నీ కోసం కాదు. నీ నోరు ముయ్యటానికి చేశా."

"మూసుకుంటాలే," అంది వెర్లీన్. "నువ్వు జెరెల్ పేరు ఎత్తనంతసేపూ."